రెండు కాళ్ల ఊతకర్ర

పంది చచ్చిన మూడో రోజుకి దాని వాసన కూలీల ఇళ్ల లైనుదాకా వచ్చింది. కాలవ గట్టున, తల నీళ్లలోకి వాల్చి పడి ఉంది. వెనక తొడలో తూటా దెబ్బ. ఆ దెబ్బ ఎవరిదని ఎవరూ అడగలేదు. తెలుక్ ఇంటాన్ పట్నానికి ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్న ఆ పామాయిల్ తోటలో తుపాకి లైసెన్సు ఉన్నది ఒక్కడికే. అతని పేరు అప్పడు.

అప్పడికి అరవై మూడేళ్లు. తాత శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి వచ్చి రబ్బరు పాలు గీశాడు. తండ్రీ అదే పని చేశాడు. అప్పడు ఎదిగేసరికి రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది. పదిహేడో ఏట అతను గెడ పట్టాడు. చివర కొడవలి బిగించిన ఆ పొడవాటి గెడతో, మెడ వెనక్కి విరుచుకుని, ఎక్కడో ఆకాశంలో ఉన్న గెల కాడ తెంపాలి. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ పని చేశాడు. మనిషి పొట్టి కావడంతో తోటలో అందరూ పొట్టి అప్పడు అనేవారు.

నడి వయసులో ఆ పేరు మారింది. పందులు లేత మొక్కల మొవ్వులు తవ్వి తినేస్తుంటే, వాటిని కొట్టడానికి తోట తరపున ఒక మనిషి కావలసి వచ్చింది. అప్పటి మేనేజరు అప్పడి పేరు రాసి పోలీసు స్టేషనుకి ఉత్తరం ఇచ్చాడు. ఆ ఉత్తరంతో లైసెన్సు వచ్చింది, ఒంటి గొట్టం తుపాకి వచ్చింది. ఏటేటా తోట కొత్త ఉత్తరం ఇస్తేనే లైసెన్సు కొనసాగుతుంది. పాతికేళ్లుగా ఇస్తూనే ఉన్నారు. పొట్టి అప్పడు తుపాకి అప్పడయ్యాడు. పెళ్లిళ్లలో ముందు వరసలో కుర్చీ వేసేవారు. కూలీల చేత పని చేయించే మండోర్లు కూడా ఆగి పలకరించేవారు. అతనికి ఈ భూమ్మీద దక్కిన గౌరవమంతా ఆ తుపాకి ఇచ్చిందే, ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

పంది వాసన వచ్చిన సాయంత్రం కృష్ణకుమార్ ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. అతను అప్పడి భార్య దాలమ్మకి తమ్ముడు, నలభై ఆరేళ్ల మనిషి, తోటలో ట్రాక్టరు నడుపుతాడు. పద్దెనిమిదేళ్లుగా వేటలో ముందు నడిచి జాడ పట్టేది అతనే. కుక్కలు అతనివే.

"ఏటి బావా, గూడకి గురెట్టి తొడకి కొట్టినావా?"

"కుక్క అడ్డమొచ్చినాది."

"ఏ కుక్క? మూడు కుక్కలూ నా కాడే ఉన్నాయి గదా."

అప్పడు ఎడమ చేతిని తొడ కింద పెట్టుకున్నాడు. రెండేళ్లుగా ఆ చెయ్యి వణుకుతోంది. మొదట టీ గ్లాసు దగ్గర మొదలైంది. ఆ తర్వాత తుపాకి గొట్టం కింద. గొట్టాన్ని మోసేది ఎడమ చెయ్యే. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. దాలమ్మ గ్లాసులో సగమే పోస్తుంది.

మర్నాడు ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. అసిస్టెంటు మేనేజరు తనేశ్ ఇపో నగరంనుంచి వచ్చి నాలుగు నెలలైంది. ముప్ఫై ఏళ్లు కూడా లేవు. తమిళంలో, మర్యాదగానే మాట్లాడాడు.

"అంకుల్, దెబ్బతిన్న పంది మనిషి మీద పడితే ఈ ఏడు లైసెన్సు ఉత్తరం మీద ఉండేది నా సంతకం. నెలాఖరుకి నా ముందు ఐదు తూటాలు కాల్చండి. నలభై అడుగుల దూరంలో కాదు, నలభై అంగల దూరంలో. మూడు తగిలితే ఉత్తరం రాస్తాను."

"ఎలాగ పడితే అలాగ కాల్చొచ్చునా, ఐయా?"

"పడుకుని కాల్చండి, కూర్చుని కాల్చండి, మీ ఇష్టం. తగలాలి, అంతే."

అప్పడు ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. చేతిని బాగు చేసుకోలేడు, డాక్టరు ఆ సంగతి ఏనాడో చెప్పేశాడు. గొట్టాన్ని చెయ్యి కాక ఇంకేదైనా మోస్తే చాలు.

చెట్టుకి ఆనించి కాల్చవచ్చు కదా అని తెలియనివాళ్లు అంటారు. పామాయిల్ చెట్టు మొదలంతా నరికిన మట్టల మోళ్లు. వాటిమీద గొట్టం నిలవదు. పైగా పంది మనకి అనువైన చెట్టు దగ్గర వచ్చి నిలబడదు. ఊత మనతో నడవాలి. రోజంతా మోసినా బరువనిపించకూడదు, మూడు శ్వాసల్లో నేల మీద నిలబడాలి, చప్పుడు చెయ్యకూడదు. పందికి చూపు మందమేగాని చెవి, ముక్కు భలే చురుకు.

మొదట అడవి అంచునుంచి పంగల కర్ర కొట్టి తెచ్చాడు. పచ్చికర్ర బరువు. తుపాకి ఒక చేత్తో, అది ఇంకో చేత్తో మోసేసరికి అరగంటలో భుజం పడిపోయింది. ఒంటికర్ర కావడంతో కుడికీ ఎడమకీ ఊగింది కూడా.

పోర్ట్ క్లాంగ్‌లో గోదాములో పనిచేసే కూతురు సుగంధికి ఫోను చేశాడు. ఆమెకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ, మాట్లాడితే చివర అక్కడివాళ్ల 'లా' తగులుతుంది.

"అప్పా, ఆన్‌లైన్‌లో త్రీ లెగ్స్ స్టాండ్ ఉంది. నేను ఆర్డర్ చేస్తా లా. స్టాండర్డ్ ఐటమ్."

"బరువేటి?"

"తెలీదుప్పా. ఫోటోలో చిన్నగానే ఉంది."

వారంలో పెట్టె వచ్చింది. సిమెంటు నేల మీద మూడుకాళ్ల స్టాండు రాతిలా నిలిచింది. దాలమ్మ దాని మీద చెయ్యేసి చూసి, "బట్టలారేసుకోడానికి బాగున్నాది" అంది. తోటలోకి తీసుకెళితే అది చాలా ఇబ్బంది పెట్టింది. అక్కడి నేల ఆకులూ వేళ్లూ కుళ్లి పేరుకున్న నల్లటి మెత్తనేల. మూడు కాళ్లు మూడు లోతుల్లో దిగబడ్డాయి. ఒకటి సరిచేస్తే రెండోది దిగింది. మరలు తిప్పి బిగించేలోపు పంది తెలుక్ ఇంటాన్ చేరి టీ తాగి రావచ్చని కృష్ణకుమార్ అన్నాడు. పైగా మూడు కిలోలు.

"రెండు కాళ్లు సాలు" అన్నాడు అప్పడు ఆ రాత్రి భోజనం దగ్గర. "మూడో కాలు మనిసే."

వెదురు చీల్చి రెండు కర్రలు కత్తెరలా వేసి, పై కొస దగ్గర సైకిలు ట్యూబు ముక్కతో కట్టాడు. తేలికగా ఉంది. విప్పితే నిలబడుతుంది, మూస్తే ఒక్క కర్ర అవుతుంది. నాలుగు రోజుల ఎండకి వెదురు నిలువునా పగిలింది.

అప్పుడు ఇంటి వెనక పడి ఉన్న పాత గెడ కళ్లబడింది. అతను చివరిసారి కోతకి వాడిన అల్యూమినియం గెడ. మొదలు వంగిపోయి పనికిరాకుండా పోయింది గాని, పైభాగం సన్నటి గొట్టం తిన్నగానే ఉంది. దాన్ని రెండు ముక్కలు కోశాడు. మోకాలి మీద కూర్చున్నప్పుడు భుజం ఎత్తు ఎంతో అంత, మట్టల గుట్ట మీదుగా గొట్టం పైకొచ్చేటంత. లోహం లోహానికి తగిలి టింగుమనకుండా ఆ చివరనుంచి ఈ చివరదాకా ట్యూబు చుట్టి, మళ్లీ కత్తెరలా కట్టాడు. మెరుపు కూడా పోయింది. మెత్తనేలలో దిగబడకుండా కాళ్లకి పాల డబ్బా మూతలు బిగించాడు. మొత్తం కలిపి ఒక చేతి చూపుడువేలు మీద నిలబెట్టి చూపించాడు దాలమ్మకి. ఏడెనిమిది వందల గ్రాములుంటుందేమో. ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది.

అయినా గొట్టం వణికింది.

ఖాళీ తుపాకి దాని పంగలో పెట్టి, మోకాలేసి, ఎడమ చేత్తో కర్రల ముడి పట్టుకుని గురి చూశాడు. ఎదురుగా చెట్టుకి కట్టిన డబ్బా మూత గొట్టం చివర గురి చూసే గింజ మీద ఎగిరెగిరి పడింది. ట్యూబు బిగించాడు. కాళ్లు వెడల్పు చేశాడు. పొడవు రెండు వేళ్లు తగ్గించాడు. మూడు రోజులు అదే వరస. నాలుగో రోజు పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్న కృష్ణకుమార్ బీడీ తీసి నేలకి నొక్కాడు.

"బావా, కర్రొణకడం నేదు. నీ సెయ్యే దాన్నొణికిస్తాది. ఆ సెయ్యి ఒగ్గేయ్."

రెండేళ్లలో ఆ మాట పైకి అన్నది అతనొక్కడే.

"ఒగ్గేసి ఏటి సెయ్యమంటావు?"

"సంకలో ఎట్టుకో. కోడిపిల్లనెట్టుకున్నట్టు."

అప్పడు ఎడమ చేతిని కుడి చంకలో కుక్కుకున్నాడు. తుపాకి మడమని భుజంతో ముందుకి నొక్కాడు. రెండు కాళ్లు ముందువైపు, భుజం వెనకవైపు. డబ్బా మూత గింజ మీద కూర్చుని కదలకుండా ఆగింది. అప్పడు అలాగే చాలాసేపు ఉండిపోయాడు. లేస్తే ఆ నిలకడ ఎక్కడ పోతుందోనని భయపడ్డట్టు ఉన్నాడు.

"సరిపోయినాదా?" అన్నాడు కృష్ణకుమార్.

"సరిపోయినాదిరా కిష్టా."

నెలాఖరు శనివారం పొద్దున, ఎరువుల కొట్టు వెనక ఖాళీ జాగాలో పరీక్ష పెట్టారు. నూనె పీపా మూత మీద సున్నంతో పళ్లెమంత వృత్తం గీసి మట్టిగట్టుకి ఆనించారు. తనేశ్ వచ్చాడు, ఇద్దరు మండోర్లు వచ్చారు. తొమ్మిది కొట్టేసరికి పదిహేను ఇరవై మంది కూలీలు పోగయ్యారు. దాలమ్మ రాలేదు. ఇంట్లో స్టవ్ వెలిగించకుండా కూర్చుంది.

అప్పడు మోకాలేశాడు. ఊతకర్ర విప్పి నిలబెట్టాడు, గొట్టం పంగలో పెట్టాడు, చెయ్యి చంకలో కుక్కుకున్నాడు. ఎవరో వెనకనుంచి "తాతకి సలేస్తన్నాది" అన్నారు, కొందరు నవ్వారు. మొదటి తూటా సున్నం గీత లోపల పడింది. నవ్వు ఆగింది. రెండోదీ లోపలే. మూడోదీ. నాలుగోది గీత దాటి మట్టిలో పడింది. ఐదోది మళ్లీ నడిమధ్యలో.

తనేశ్ చప్పట్లు కొట్టాడు. "నాలుగు. అయిపోయింది అంకుల్, సోమవారం ఉత్తరం రాస్తాను" అన్నాడు.

అప్పడు లేచి నిలబడ్డాడు. మోకాళ్లకంటిన మట్టి కూడా దులుపుకోలేదు. ఒక మండోరు వచ్చి భుజం తట్టాడు. ఇక్కడితో ఇంటికెళ్లిపోతే కథ వేరుగా ఉండేది.

తనేశ్ ఊతకర్ర చేతిలోకి తీసుకుని విప్పాడు, మూశాడు, పాల డబ్బా మూతలు తట్టి చూశాడు. "బాగా చేశారు. కాకపోతే ఆ నాలుగోది ఎందుకు పోయింది? ముడి దగ్గర కొంచెం జారుతున్నట్టుంది కదా?" అన్నాడు. చెడ్డగా అనలేదు. ఏదో ఒకటి అనాలని అన్నాడు.

గెడ కోసేవాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. గెల తెగకపోతే మండోరు గెడని తిడతాడు, వంగిందనో పదును లేదనో. అప్పుడు కోతగాడు నోరు విప్పడు. గెడని పక్కవాడి చేతికిస్తాడు. పక్కవాడు ఒక్క దెబ్బకి గెల దించితే గెడ మీది మాట పోతుంది. తప్పు చేతిదని తేలినా కోతగాడికి సిగ్గు లేదు. చెయ్యి రేపటికి సర్దుకుంటుంది. చెడ్డ గెడ కట్టాడన్న పేరు మాత్రం పోదు. అప్పడు ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ పద్ధతిలో బతికినవాడు.

"ముడి జారనేదు, ఐయా" అన్నాడు. "అది నా సెయ్యి తప్పు. ఈ కర్ర మీద ఎవుడు కొట్టినా తగులుతాది. కిష్టా, ఇల్రా. కొట్టి సూపించు."

కృష్ణకుమార్ కదలలేదు. "నాకు లైసెన్సు నేదు బావా."

"మూడు తూటాలు. ఐయా సూడరు లే."

తనేశ్ నవ్వి, అటువైపు తిరిగి ఫోను చూసుకోసాగాడు. కృష్ణకుమార్ బావ ముఖంలోకి చూశాడు. తుపాకి తీసుకునేటప్పుడు అతని చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆపైన ఆగలేదు. మోకాలేసి, రెండు చేతులూ తుపాకికిచ్చి, మూడుసార్లు కాల్చాడు. మధ్యలో తూటా మార్చి ఊపిరి తీసుకున్నంత వ్యవధే. మండోరు వెళ్లి పీపా మూత ఎత్తుకొచ్చాడు. కొత్తగా తగిలిన మూడు దెబ్బలూ ఒక అరచేతి కింద దాగిపోయేటంత దగ్గరగా ఉన్నాయి.

"సూసినారా, ఐయా" అన్నాడు అప్పడు. ముఖం వెలిగిపోతోంది. "నా కర్రకి పేరెట్టకండి."

తనేశ్ ఆ పీపా మూత వైపు చాలాసేపు చూశాడు. కృష్ణకుమార్‌ని వయసెంతని అడిగాడు.

సోమవారం ఉత్తరం రాలేదు. బుధవారం అప్పడే ఆఫీసుకి వెళ్లాడు. తనేశ్ కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. గ్లాసు నిండా పోసి ఇచ్చారు, అప్పడు ముట్టుకోలేదు.

"అంకుల్, మీరే చెప్పారు కదా, తప్పు చేతిదని. అందరి ముందూ చెప్పారు. పై ఆఫీసు నన్ను అడిగితే నేనేం చెప్పాలి? కర్ర ఎవరికైనా పనిచేస్తుందని కూడా మీరే చూపించారు. ఉత్తరం కృష్ణకుమార్ పేరున రాశాను. ఇంట్లోవాడే కదా. కర్ర మాత్రం అతనికిచ్చెయ్యండి."

"నాలుగు తగిలినాయి, ఐయా. మీరు మూడన్నారు."

"అన్నాను" అన్నాడు తనేశ్.

ఆ సాయంత్రం దాలమ్మ తమ్ముణ్ని లోపలికి రానివ్వకుండా గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది.

"ఒక్కటి తప్పొచ్చు గదరా. ఒక్కటి. బావ ముందర."

"అక్కా, కొట్టమన్నది బావే."

"కొట్టమంటే కొట్టీడమేనేటి? నీకు బుద్ధి నేదా?"

కృష్ణకుమార్ తల దించుకుని కాలి బొటనవేలితో సిమెంటు గీకాడు. "పద్దెనిమిదేళ్లు ముందర నడిసినానక్కా. పంది ఎక్కడుందో సూపించినాను, పక్కకి తప్పుకున్నాను. తుపాకి సేతిలోకొచ్చినాక తప్పాలని నాకు తోసనేదు."

లోపల చాప మీద పడుకున్న అప్పడికి ప్రతి మాటా వినబడింది. అందులో అబద్ధం ఒక్కటీ దొరకలేదు. దొరికి ఉంటే రాత్రి నిద్ర పట్టేదేమో.

కాగితాలు కదలడానికి ఏడు నెలలు పట్టింది. అన్నాళ్లూ తుపాకి పోలీసు స్టేషనులోనే ఉంది. దాన్ని అప్పగించిన రోజు అప్పడు సంతకం పెట్టబోతే గీత కాగితం దాటి బల్ల మీదకి పోయింది. అక్కడున్న పోలీసు సిరా డబ్బా జరిపి, వేలిముద్ర వెయ్యమన్నాడు. చదువు రానివాళ్లు వేసినట్టు వేశాడు. ఆ ఏడు నెలల్లో తోట చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు వేటగాళ్లు వచ్చి తమకీ అలాంటి ఊతకర్ర చేసిపెట్టమని అడిగారు. గెడలు లేవన్నాడు. ఇంటి వెనక ఇంకో రెండున్నాయి.

లైసెన్సు వచ్చిన వారం కృష్ణకుమార్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, జాడ పట్టడానికి మనిసి కావాల. నివ్వొస్తావా?"

దాలమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పడు లేచి చొక్కా వేసుకున్నాడు. వెళ్లకపోతే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. అరవై మూడేళ్లలో కోతకో వేటకో తప్ప ఆ తోటలో అడుగు పెట్టినవాడు కాదు.

మంచు ఇంకా మట్టల మీదనుంచి కారుతున్న వేళ ఇద్దరూ నడిచారు. అప్పడు ముందు, కృష్ణకుమార్ ఇరవై అడుగుల వెనక. అతని భుజాన తుపాకి, చేతిలో ఊతకర్ర. కుక్కల్ని తేలేదు. పంది కనబడితే ముందున్నవాడు ఎడమ చెయ్యి పక్కకి చాపాలి, అంతే సైగ. మాట ఉండదు. ఇరవై రెండో బ్లాకు కాలవ మలుపు దగ్గర అప్పడు ఆగాడు. మట్టల గుట్ట అవతల మొగపంది, ముట్టె మట్టిలో దూర్చి వేరు పెకలిస్తోంది. గూడ ఇటువైపు తిరిగి ఉంది. ముప్ఫై అంగలకి ఎక్కువ లేదు. దానికంటే మంచి గురి పాతికేళ్లలో పదిసార్లు దొరికి ఉండదు. గాలి ఎదురుగా ఉంది.

వెనక ఊతకర్ర కాళ్లు విప్పిన సన్నటి చప్పుడు వినబడింది. ట్యూబు సాగిన చప్పుడు. తను చుట్టిన ట్యూబే. తన అడుగు ఆగడం చూసి కృష్ణకుమార్ సిద్ధపడుతున్నాడు.

అప్పడి ఎడమ చెయ్యి ఒంటికి ఆనుకుని వణుకుతోంది. అతను దాన్ని ఎత్తలేదు. నేల మీద ఎండిన మట్ట ముక్క ఉంది. దాని మీద కాలు పెట్టి బరువంతా మోపాడు. అది ఫట్‌మంది. పంది తల ఎత్తింది, ఒక్క దూకుతో కాలవలోకి దిగి అవతలి గట్టెక్కి మాయమైంది.

కృష్ణకుమార్ నడిచి వచ్చి పక్కన నిలబడ్డాడు. కాలవలో నీళ్లింకా కదులుతున్నాయి. అతను ఆ నీళ్లని చూశాడు, విరిగిన మట్టని చూశాడు, బావ కాలిని చూశాడు.

"కనబడనేదా బావా?"

"నేదు."

"కళ్లు కూడా తగ్గినట్టున్నాయి."

"తగ్గినాయి" అన్నాడు అప్పడు, ముందుకి నడిచాడు.